డాన్యూబ్ వెంట ఆరు రోజులు సైకిల్ మీద: ఏ రోజు ఏ గట్టు పట్టుకోవాలి?

జర్మనీ చివర్లో పస్సావ్ అనే ఊళ్లో సైకిలెక్కి, ఆరో రోజు సాయంత్రం ఆస్ట్రియా రాజధాని వియన్నాలో దిగడానికి మీరు పెద్ద సైక్లిస్టు అయ్యుండక్కర్లేదు. దూరం దాదాపు 320 కిలోమీటర్లు. దారి పొడవునా డాన్యూబ్ నది పక్కనే ఉంటుంది. పస్సావ్ నుంచి వియన్నా చేరేలోపు నది దిగేది మొత్తం కలిపి 140 మీటర్లకి మించదు, అంటే కిలోమీటరుకి అర మీటరు కూడా కాదు. అందుకని ‘దిగువకే కదా, సైకిల్ దానంతటదే పోతుంది’ అనుకోకండి. తొక్కాల్సిందే. కాకపోతే రొప్పించే ఎత్తులు దాదాపుగా ఉండవు.

ఈ దారిలో అసలు చిక్కు కాళ్ల దగ్గర కాదు, గట్ల దగ్గర. నదికి రెండు వైపులా సైకిల్ బాట ఉంది. ఒక్కోచోట మీరున్న వైపు లారీల రోడ్డు పక్కన ఇరుకు బాట, అవతల చూస్తే తోటల మధ్య నున్నటి దారి. ఇంకోచోట కొండ నేరుగా నీళ్లలోకి దిగిపోతుంది, బాట అక్కడితో సరి. మొదటిసారి వెళ్లినప్పుడు ఫోన్‌లో యాప్ ఎటు చూపిస్తే అటు పోయాను. అవతలి గట్టున హాయిగా పోతున్నవాళ్లని చూసి కుళ్లుకోవడమే సరిపోయింది. రెండోసారి మా బావమరిదిని వెంటేసుకుని, గట్ల లెక్క ముందే కాగితం మీద రాసుకుని వెళ్లాను. ఆ కాగితాన్నే కొంచెం విడమరిచి ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఒక మాట. మొహం దిగువకి పెట్టి నిలబడితే ఎడమ చేతి వైపు ఎడమ గట్టు, అంటే ఉత్తరం. కుడి చేతి వైపు కుడి గట్టు, అంటే దక్షిణం. కింద ఎక్కడ కుడి, ఎడమ అన్నా ఇదే లెక్క.

ఎప్పుడు వెళ్లాలి

మే నుంచి సెప్టెంబరు దాకా. నది దాటించే చిన్న పడవలు చలికాలంలో తిరగవు, మన ప్లాన్ అంతా వాటి మీదే ఆధారపడి ఉంది. జులైలో ఆప్రికాట్లు పండుతాయి కానీ ఎండా ఎక్కువే, జనమూ ఎక్కువే. నన్నడిగితే జూన్ మొదటి సగం. రాత్రి తొమ్మిదింటి దాకా వెలుతురు ఉంటుంది, కాబట్టి దారి తప్పినా కంగారు ఉండదు.

ఇక్కడ ఎక్కువ రోజులు పడమటి గాలి వీస్తుంది. మనం పోయేది తూర్పుకి. గాలి వీపు మీద చెయ్యేసి తోసినట్టుంటుంది. చాలామంది పస్సావ్ నుంచి వియన్నాకి వెళ్తారు తప్ప అటు నుంచి ఇటు రారు, కారణం ఇదే. తూర్పు గాలి తగిలిన రోజు మాత్రం 40 కిలోమీటర్లు 80లా అనిపిస్తాయి. ఆ రోజు మొండికెయ్యకుండా మధ్యలో రైలెక్కెయ్యండి.

బయల్దేరే ముందు వారం నది మట్టం ఎంతుందో చూసుకోండి. పస్సావ్ పాత టౌన్‌హాల్ గోడ మీద వరద గీతలు ఉంటాయి. 2013 జూన్‌లో నీళ్లు 12.89 మీటర్లకి వచ్చాయి, ఆ గీత మనిషికి చాలా పైన ఉంటుంది. 2024 సెప్టెంబరులో దిగువన ఆస్ట్రియా వైపు వరదలు ముంచెత్తాయి. భద్రాచలం దగ్గర 43, 48, 53 అడుగుల హెచ్చరికలు వింటూ పెరిగినవాళ్లకి ఈ విషయం విడిగా చెప్పక్కర్లేదు. నది పొంగితే మొదట మునిగేది గట్టు పక్కనున్న సైకిల్ బాటే.

కాగితాలు, రైలు, సైకిల్

జర్మనీ రెసిడెన్స్ పర్మిట్ ఉన్న విద్యార్థులకీ ఉద్యోగులకీ ఆస్ట్రియాకి వేరే వీసా అక్కర్లేదు. పర్మిట్, పాస్‌పోర్టు మాత్రం దగ్గరుంచుకోండి. ఇండియా నుంచి వచ్చేవాళ్లు షెంగెన్ వీసాకి (యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఒకటే వీసా) ఎక్కువ రోజులు గడిపే దేశం దగ్గర దరఖాస్తు చేయాలి. ఈ ప్రయాణం వరకే అయితే అది ఆస్ట్రియానే అవుతుంది, జర్మనీలో దిగినా సరే.

మ్యూనిక్ నుంచి పస్సావ్‌కి లోకల్ రైళ్లు నేరుగా ఉన్నాయి, రెండుంపావు గంటలు పడుతుంది. నెలవారీ జర్మనీ టికెట్ చెల్లుతుంది, కానీ అది మనిషికే. సైకిల్‌కి వేరే టికెట్ తీయాలి. శనివారం పొద్దున సైకిల్ పెట్టెలు కిటకిటలాడతాయి, కాబట్టి శుక్రవారం సాయంత్రమే వెళ్లి పస్సావ్‌లో పడుకోవడం మేలు.

సొంత సైకిల్ లేకపోతే పస్సావ్‌లో అద్దెకి తీసుకుని వియన్నాలో అప్పజెప్పే ఏర్పాటు దొరుకుతుంది. రేసింగ్ సైకిల్ వద్దు. మట్టి దారీ కంకర దారీ తగులుతాయి, అందుకే కొంచెం వెడల్పు టైర్లున్న ట్రెక్కింగ్ సైకిల్ అడగండి. తీసుకునేటప్పుడే సీటు ఎత్తు సరిచేయించండి: పెడల్ కింద ఉన్నప్పుడు మడమ ఆనిస్తే కాలు నిటారుగా ఉండాలి. చాలామంది సీటు కిందికి పెట్టుకుని తొక్కుతారు, రెండో రోజుకే మోకాళ్లు పట్టేస్తాయి. బెల్లు, ముందూ వెనకా లైట్లు తప్పనిసరి. ఆస్ట్రియాలో పన్నెండేళ్ల లోపు పిల్లలకి హెల్మెట్ చట్టమే అడుగుతుంది. పెద్దలు మీ తలకాయ విలువ మీరే కట్టుకోండి.

పిరుదుల సంగతి ఎవరూ బయటికి చెప్పరు గానీ, ప్రయాణాలు చెడేది అక్కడే. ప్యాడ్ ఉన్న సైక్లింగ్ నిక్కరు రెండు జతలు కొనండి, దాని లోపల ఇంకేమీ వేసుకోకూడదు. రాపిడి తగిలేచోట పొద్దున్నే వాజెలీన్ రాయండి. మా బావమరిది మొహమాటపడి జీన్స్ మీద బయల్దేరాడు. రెండో రోజు మధ్యాహ్నం సైకిల్ దిగి, "బావా, ఇది సీటు కాదు, శిక్ష," అని గట్టు మీద బోర్లా పడుకున్నాడు. బయల్దేరేముందు ఒక వారాంతంలో శని, ఆదివారాలు వరసగా 40 కిలోమీటర్లు తొక్కి చూడండి. ఒక్క రోజు తొక్కితే ఏమీ తెలియదు, మర్నాడు మళ్లీ ఎక్కినప్పుడే అసలు సంగతి తెలుస్తుంది.

సామాను ఎనిమిది, పది కిలోలు దాటనివ్వకండి. వీపుకి బ్యాగు తగిలించుకోవద్దు, వెనక చక్రానికి అటూ ఇటూ వేలాడే సంచులు వాడండి. ఒక ట్యూబు, పంపు, టైరు ఊడదీసే ప్లాస్టిక్ పుల్లలు, వాన కోటు, చిల్లర యూరోలు పెట్టుకోండి. చిన్న పడవల్లో నగదే సుఖం.

తిండి

మాంసం తినేవాళ్లకి ఇబ్బంది లేదు. శాకాహారులు మాత్రం సూప్ దగ్గర జాగ్రత్త. పలచటి నీళ్లలో దోసె ముక్కలు సన్నగా తరిగి వేసినట్టు కనిపించే ఫ్రిటాటెన్ సూప్ చూడటానికి ఎంతో అమాయకంగా ఉంటుంది. ఆ నీళ్లు గొడ్డు మాంసం ఉడికించినవి. ‘స్పెక్’ అంటే పంది మాంసం, అది బంగాళదుంప సలాడ్‌లో కూడా దూరుతుంది. చీజ్‌తో చేసే కేజెష్పెట్స్‌లె అనే నూడుల్స్ లాంటివి చాలాచోట్ల దొరుకుతాయి, ఉల్లిపాయలు వేయించి పైన చల్లుతారు. అందులోనూ స్పెక్ లేదు కదా అని అడిగే ఆర్డరివ్వండి.

నా బ్యాగులో ఎప్పుడూ ఉండేది కిలో అటుకులు, చిన్న సీసాలో ఆవకాయ. సూపర్‌మార్కెట్‌లో పెరుగు డబ్బా కొని, అందులోనే అటుకులు పోసి పది నిమిషాలు ఆగితే చాలు. పొయ్యి అక్కర్లేదు. ఆస్ట్రియాలో ఆదివారం సూపర్‌మార్కెట్లు మూసేస్తారు, శనివారం కూడా సాయంత్రానికే కట్టేస్తారు. మన సైకిల్ సంచిలో అటుకులుంటే ఆ టెన్షన్ ఉండదు. కుళాయి నీళ్లు నిశ్చింతగా తాగచ్చు.

గదులు

ఊళ్లలో ఇళ్ల ముందు ‘సిమ్మర్ ఫ్రై’ అని బోర్డు ఉంటే గది ఖాళీ ఉందని అర్థం. జూన్, సెప్టెంబరుల్లో మామూలు రోజుల్లో ఇలా అడుగుతూ పోయినా దొరుకుతాయి. జులై, ఆగస్టుల్లో, వారాంతాల్లో ముందే బుక్ చేసుకోండి, ముఖ్యంగా మెల్క్, క్రెమ్స్ ఊళ్ల మధ్య (ఐదో రోజు దారి). సైకిల్ రాత్రికి లోపల పెట్టుకునే చోటు ఉందా అని అడగడం మరిచిపోవద్దు.

మొదటి రోజు: పస్సావ్ నుంచి ష్లోగెన్, సుమారు 45 కిలోమీటర్లు, ఎడమ గట్టు

తొక్కడం మొదలెట్టేముందు ఊరి కొసకి నడవండి. డాన్యూబ్, ఇన్, ఇల్జ్ అనే మూడు నదులు అక్కడ కలుస్తాయి. అడవుల్లోంచి వచ్చే ఇల్జ్ నల్లగా, ఆల్ప్స్ కొండల మంచు నీళ్లతో ఇన్ లేత ఆకుపచ్చగా ఉంటుంది. మామూలుగా డాన్యూబ్ కంటే ఇన్‌లోనే నీళ్లెక్కువ. పేరు మాత్రం డాన్యూబ్‌కే దక్కింది.

వంతెన దాటి ఎడమ గట్టుకి రండి. మొదట కాసేపు రోడ్డు పక్కనే ఉంటుంది, భరించండి. ఓబర్న్‌ట్సెల్ దాటి యోఖెన్‌స్టైన్ పవర్ స్టేషన్ వచ్చాక కార్ల చప్పుడు ఆగిపోతుంది. ఒక పక్క అడవి, ఒక పక్క నీళ్లు. దేశం మారిన సంగతి ఒక చిన్న బోర్డు చూస్తే తప్ప తెలియదు.

ఒడ్డున పెద్ద అంకెల పలకలు కనిపిస్తుంటాయి. వాటిని గమనించండి. డాన్యూబ్ కిలోమీటర్లు పుట్టిన చోటు నుంచి కాదు, నల్ల సముద్రంలో కలిసేచోటు నుంచి వెనక్కి లెక్కేస్తారు. పస్సావ్ సంగమం దగ్గర 2,225 ఉంటుంది. వియన్నాలో రైఖ్స్‌బ్రూకె వంతెన దగ్గర 1,929. అంటే మనం పోతున్నకొద్దీ అంకె తగ్గుతుంది. రెండు రోజులు అలవాటైతే ఫోన్ తీయకుండానే ఎక్కడున్నామో చెప్పేయచ్చు.

ఈ గట్టు ఆవ్ అనే చోట ఆగిపోతుంది. అక్కడ నది కొండకి కొట్టుకుని దాదాపు వెనక్కి తిరుగుతుంది, బాటకి చోటు లేదు. రేవులో పడవెక్కి అవతల ష్లోగెన్‌కి దాటాలి. ఇక్కడే నేను మొదటిసారి దెబ్బతిన్నాను. తాపీగా ఫొటోలు తీసుకుంటూ సాయంత్రం చేరేసరికి రేవు ఖాళీ, పడవ అవతలి ఒడ్డున కట్టేసి ఉంది. గది కిటికీలో లైటు కూడా కనిపిస్తోంది, మధ్యలో నది. వెనక్కి నీడర్‌రన్నా వంతెన దాకా తొక్కి, అవతలి గట్టున మళ్లీ అంత దూరం రావాల్సి వచ్చింది. ఆఖరి పడవ ఎన్నింటికో పొద్దున్నే కనుక్కోండి. అనుమానంగా ఉంటే నీడర్‌రన్నాలోనే వంతెన దాటేయండి.

ష్లోగెన్‌లో సైకిల్‌కి తాళం వేసి అరగంట కొండెక్కండి. పైనుంచి చూస్తే నది గుర్రపు నాడాలా తిరిగి ఉంటుంది. ఆరు రోజుల్లో ఇంతకంటే గొప్ప దృశ్యం ఇంకోటి లేదని నా అభిప్రాయం.

రెండో రోజు: ష్లోగెన్ నుంచి లింట్స్, సుమారు 55 కిలోమీటర్లు, కుడి గట్టు, చివర్లో ఎడమ

ష్లోగెన్ నుంచి ఆషాఖ్ దాకా కుడి గట్టే. బాట నది మలుపు వెంట, ఇంట్సెల్ మీదుగా, అడవి నీడలో పోతుంది. పొద్దున ఏడింటికి బయల్దేరితే నీళ్ల మీద పొగమంచు ఇంకా లేవదు. ఆషాఖ్ దాటాక లోయ విచ్చుకుని చేలు మొదలవుతాయి. అలాగే విల్హెరింగ్ మఠం దాకా రండి.

విల్హెరింగ్ రేవులో ఒట్టెన్స్‌హైమ్‌కి దాటే పంటు ఎక్కడం ఈ రోజు ముఖ్యమైన పని. గోదావరి రేవుల్లో కార్లనీ బైకుల్నీ ఎక్కించుకునే పంటు చూసినవాళ్లకి ఇది చుట్టమే, కాకపోతే దీనికి ఇంజను లేదు. నదికి అడ్డంగా పైన ఇనప తాడు కట్టి ఉంటుంది. పంటు నుంచి ఇంకో తాడు దానికి తగిలించి ఉంటుంది. పడవ మనిషి పంటుని ప్రవాహానికి కాస్త ఏటవాలుగా తిప్పుతాడు. నది దిగువకి తోస్తుంది, తాడు పోనివ్వదు, దాంతో పంటు పక్కకి జారుతూ అవతలి ఒడ్డుకి చేరుతుంది. కార్లతో సహా. చప్పుడేమీ ఉండదు, చెక్కల కింద నీళ్లు ఒరుసుకునే శబ్దం తప్ప. మా బావమరిది నమ్మక ఇంజను కోసం పంటంతా వెతికాడు.

అక్కణ్నుంచి లింట్స్ దాకా రోడ్డు రొద తప్పదు, త్వరగా తొక్కేయండి. లింట్స్‌లో బాదం పొడి, జామ్‌తో చేసే లింట్సర్ టోర్టె అనే కేకు తినండి. ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్ 1612 నుంచి 1626 దాకా ఈ ఊళ్లోనే ఉన్నాడు. 1613లో పెళ్లికి వైన్ పీపాలు కొంటే, అమ్మినవాడు పీపాలోకి ఒక కర్ర ఏటవాలుగా దూర్చి ఇంత సరుకుందని లెక్క చెప్పాడట. అదేం లెక్క అని కూర్చుని పీపాల ఘనపరిమాణం మీద 1615లో ఏకంగా ఒక పుస్తకమే వేశాడు.

మూడో రోజు: లింట్స్ నుంచి గ్రైన్, సుమారు 62 కిలోమీటర్లు, ఎడమ గట్టు

పాతిక కిలోమీటర్ల తర్వాత మౌట్‌హౌజెన్ వస్తుంది. నాజీల నిర్బంధ శిబిరం ఊరి పైన కొండ మీద ఉంది, ఇప్పుడది స్మారకం. ఇక్కడా దీని అనుబంధ శిబిరాల్లోనూ సుమారు 1,90,000 మందిని బంధించారు. వారిలో కనీసం 90,000 మంది చనిపోయారు. 1945 మే 5న అమెరికా సైన్యం విడిపించింది. రాతి గనిలోకి దిగే 186 మెట్లు ఇంకా ఉన్నాయి. ఖైదీల చేత ఆ మెట్ల మీద బండరాళ్లు మోయించేవారు. పైకి దారి నిటారుగా ఉంటుంది, సైకిల్ నడిపించుకుంటూ వెళ్లండి. కనీసం రెండు గంటలు పెట్టుకోండి. చూశాక వెంటనే హుషారుగా తొక్కాలనిపించదు, అందుకని ఈ రోజు పొద్దున్నే బయల్దేరండి.

తర్వాత చదునైన చేల మధ్య 30 కిలోమీటర్లకి పైగా. నీడ తక్కువ. గ్రైన్ చిన్న ఊరు. 1791 నాటి నాటకశాల టౌన్‌హాల్లోనే ఉంది. సీట్లు మడిచి తాళం వేసుకునేలా ఉంటాయి, డబ్బు కట్టినవాడి దగ్గర తాళంచెవి. మన పల్లెల్లో నాటకాలకి ముందే చాపలు పరిచి చోటు ఆపుకునేవాళ్లం కదా, ఇదీ అలాంటి ఏర్పాటే, కాస్త దర్జాగా.

నాలుగో రోజు: గ్రైన్ నుంచి మెల్క్, సుమారు 48 కిలోమీటర్లు, కుడి గట్టు

గ్రైన్ దిగువన లోయ మళ్లీ ఇరుకవుతుంది. ఒకప్పుడు ఇక్కడి సుడిగుండాలూ రాళ్లూ అంటే పడవలవాళ్లకి హడల్. ఆ రాళ్లని తర్వాత పేల్చేశారు, ఆనకట్టలు వచ్చాక నీళ్లు నిలకడగా ఉంటున్నాయి. ఎడమ గట్టున పెద్ద రోడ్డు ఉంది, కాబట్టి కుడికి దాటండి. వేసవిలో ఊరి రేవు నుంచి చిన్న పడవ ఉంటుంది, లేదంటే ఊరికి కొంచెం ఎగువన వంతెన ఉంది. ఇబ్స్ దాకా బాట ప్రశాంతంగా ఉంటుంది. ఇబ్స్ దగ్గర పవర్ స్టేషన్ ఆనకట్ట మీదుగా అవతలికి దాటే వీలుంది కానీ అవసరం లేదు, కుడి వైపే మెల్క్ చేరచ్చు.

మెల్క్ మఠం కొండ కొమ్మున పసుపు రంగులో చాలా దూరం నుంచే కనిపిస్తుంది. బెనెడిక్టైన్ సాధువులు 1089 నుంచీ ఇక్కడ ఉంటున్నారు. ఇప్పుడున్న కట్టడం మాత్రం 1702లో మొదలైంది. లోపలి గ్రంథాలయంలో లక్షకి దగ్గరగా పుస్తకాలున్నాయి. మధ్యాహ్నం మూడింటికల్లా ఊరు చేరితేనే ఇది కుదురుతుంది. ఈ రోజు దూరం తక్కువ పెట్టింది అందుకే.

ఐదో రోజు: మెల్క్ నుంచి క్రెమ్స్, సుమారు 37 కిలోమీటర్లు, సగం కుడి, సగం ఎడమ

ఈ లోయ పేరు వాఖావ్. 2000లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. రెండు గంటల్లో తొక్కేయచ్చు, కానీ రోజంతా పెట్టండి. చాలామంది ఇక్కడ హడావుడి పడి, మర్నాటి బోసి దారిలో తీరిగ్గా పోతారు. తిరగేసి చేయండి.

పొద్దున కుడి గట్టున బయల్దేరండి. కొండ పైన ఆగ్‌స్టైన్ కోట శిథిలాలు, కింద ఆప్రికాట్ తోటలు, బండ్లు అరుదు. ఇక్కడివాళ్లు ఆప్రికాట్‌ని ‘మరిలె’ అంటారు. ఖుబానీ కా మీఠాలో ఎండు పండుగానే ఎరిగినవాళ్లు జులైలో ఇక్కడ పచ్చిది కొరికి చూడాలి. తోటల దగ్గర బల్ల మీద బుట్టలు పెట్టి, పక్కన డబ్బుల డబ్బా ఉంచి వెళ్లిపోతారు. మనమే లెక్కగా వేసి తీసుకోవాలి. ‘మరిలెన్ క్నోడెల్’ అడగండి. పండు మొత్తాన్ని పిండిలో పెట్టి, ఉండ చుట్టి, ఉడికించి, వెన్నలో వేయించిన రొట్టె పొడిలో దొర్లించి ఇస్తారు. పూర్ణం బదులు పులుపు. వేడి మీద తొందరపడితే నాలుక కాలడం ఖాయం, లోపల రసం అలా మరుగుతుంటుంది.

ఆర్న్స్‌డోర్ఫ్ రేవులో పంటెక్కి స్పిట్స్‌కి దాటండి. స్పిట్స్ ఊరి మధ్య ద్రాక్షతోటల గుట్ట ఒకటుంది, మంచి పంట వస్తే ఆ ఒక్క గుట్టే వెయ్యి బాల్చీల వైన్ ఇస్తుందని దానికి ‘వెయ్యి బాల్చీల కొండ’ అనే పేరు. 1908లో విల్లెన్‌డోర్ఫ్‌లో దొరికిన రాతి స్త్రీ బొమ్మ కోసం ఎగువకి తిరిగి వెళ్లాలనుకుంటే ఒక మాట: అక్కడ ఉన్నది నకలు. సుమారు 30 వేల ఏళ్ల నాటి అసలు బొమ్మ వియన్నా ప్రకృతి శాస్త్ర మ్యూజియంలో ఉంది, ఎత్తు 11 సెంటీమీటర్లే.

స్పిట్స్ నుంచి ఎడమ గట్టున ద్రాక్షతోటల మధ్యగా వైసెన్‌కిర్షెన్, తర్వాత డ్యూర్న్‌స్టైన్. ఇంగ్లండ్ రాజు మొదటి రిచర్డ్‌ని 1192 చివర్లో ఆస్ట్రియా డ్యూక్ పట్టుకుని బంధించింది డ్యూర్న్‌స్టైన్ పైనున్న కోటలోనే. ఇప్పుడు మొండి గోడలే మిగిలాయి. ఇంటి ముందు కర్రకి ఆకుల కొమ్మ కట్టి ఉంటే ఆ తోటవాళ్ల వైన్ అంగడి ఈ రోజు తెరిచి ఉందని గుర్తు. తాగనివాళ్లు ద్రాక్షరసం అడగచ్చు. తాగేవాళ్లు గది చేరాకే తాగండి, సైకిల్ మీద ఉన్నా పోలీసులు ఊదించి చూస్తారు.

ఆరో రోజు: క్రెమ్స్ నుంచి వియన్నా, సుమారు 80 కిలోమీటర్లు, ఎడమ తర్వాత కుడి

అన్నిటికంటే పొడుగైన రోజు, నిజం చెప్పాలంటే అన్నిటికంటే చప్పని రోజు కూడా. క్రెమ్స్ నుంచి ఎడమ గట్టు మీద తిన్నగా పోయి, ఆల్టెన్‌వోర్ట్ పవర్ స్టేషన్ మీదుగా కుడికి దాటండి. అంగళ్లు తక్కువ, నీళ్ల సీసాలు క్రెమ్స్‌లోనే నింపుకోండి.

దాటిన కాసేపటికి స్వెంటెన్‌డోర్ఫ్ అణు విద్యుత్ కేంద్రం కనిపిస్తుంది. కట్టడం పూర్తయ్యాక 1978 నవంబరు 5న ప్రజల్ని ఓటు అడిగితే 50.5 శాతం మంది వద్దన్నారు. ఒక్క రోజు కూడా నడవకుండా అలాగే నిలబడి ఉంది. దాని గోడ నీడలో మేం అటుకులు తిన్నాం.

తుల్న్ చేరేసరికి సగం దూరం దాటినట్టు. చిత్రకారుడు ఎగోన్ షీలె 1890లో ఈ ఊరి రైల్వే స్టేషన్లో పుట్టాడు, తండ్రి స్టేషన్ మాస్టరు. కాళ్లు మొరాయిస్తే అదే స్టేషన్లో లోకల్ రైలెక్కి వియన్నాలో దిగచ్చు, అందులో చిన్నతనమేమీ లేదు. లేదూ తొక్కుతామంటే గ్రైఫెన్‌స్టైన్, క్లోస్టర్‌నోయిబుర్గ్ మీదుగా కుడి గట్టే. బోర్డుల మీద వియన్నా అని ఉండదు, ‘వీన్’ అని ఉంటుంది.

ఊళ్లోకి ట్రాఫిక్ మధ్య పోకుండా, వంతెన మీదుగా డొనావ్‌ఇన్సెల్ మీదకి దిగండి. ఇది 21 కిలోమీటర్ల పొడవున్న లంక. కోనసీమ లంకల్లా నది కట్టింది కాదు, 1972 నుంచి 1988 దాకా వరద కాలువ తవ్విన మట్టితో మనుషులు పోసింది. కార్లు రావు. పలక మీద 1,929 కనిపించే దాకా తొక్కండి, పైన రైఖ్స్‌బ్రూకె ఉంటుంది. అక్కడ నీళ్లలోకి కాళ్లు పెట్టుకుని కూర్చోవడానికి మెట్లున్నాయి.

మెట్రోలో సైకిల్ ఎక్కించచ్చు, రద్దీ వేళల్లో కుదరదు. పస్సావ్‌కి తిరిగి వెళ్లే ఎక్స్‌ప్రెస్ రైలుకి రెండు గంటల పైచిలుకే పడుతుంది. అందులో సైకిల్‌కి చోటు ముందే రిజర్వ్ చేసుకోవాలి, ఆ చోట్లు కొన్నే ఉంటాయి. వియన్నా గది బుక్ చేసిన రోజే ఇదీ చేసేయండి. దొరక్కపోతే లోకల్ రైళ్లు మారుతూ వెళ్లాలి, దానికి దాదాపు ఒక పూట పోతుంది.